జేన్ ఐర్ జీతం ముప్పై పౌండ్లు

'జేన్ ఐర్' ప్రేమ నవల కాదని వాదించటానికి ఈ వ్యాసం రాయటం లేదు. అది ప్రేమ నవలే. పద్దెనిమిదేళ్ళ పేద పంతులమ్మకూ, ఆమె కంటె ఇరవై ఏళ్ళు పెద్దవాడైన భూస్వామికీ మధ్య నడిచిన ప్రేమను తీసేస్తే అందులో నవల మిగలదు. నా పేచీ అంతా ఆ ప్రేమను మనవాళ్ళు చదువుతున్న తీరుతోనే. కాలేజీల్లో ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవారు చాలామంది దీన్ని అంతస్తుల్ని జయించిన ప్రేమకథ అని చెప్పి, రెండు పాత్రచిత్రణలు నోట్సు రాయించి ఊరుకుంటారు. అభ్యుదయ సాహిత్యకారుల్లో కొందరు సరిగ్గా ఆ కారణంతోనే దీన్ని పక్కకు నెడతారు. ధనవంతుణ్ణి పెళ్ళాడిన పేదపిల్ల కథ, వారపత్రిక సీరియల్ సరుకు, దీనితో మనకేం పని అంటారు. ఒకరిది మెప్పు, ఒకరిది వెక్కిరింపు. కాని ప్రేమ అంతస్తును జయించిందన్న నమ్మకం ఇద్దరిదీ ఒకటే.

పుస్తకం తెరిచి చూస్తే అలా జరగలేదు. జేన్ రోచెస్టర్‌ను పెళ్ళాడటానికి రెండుసార్లు సిద్ధపడింది. మొదటిసారి ఆమె అతని దగ్గర జీతానికున్న మనిషి. ఆ పెళ్ళి చర్చిలోనే ఆగిపోయింది. రెండోసారి ఆమె చేతిలో ఐదువేల పౌండ్లున్నాయి. అతనికి చూపు పోయింది, ఒక చెయ్యి పోయింది, మేడ తగలబడిపోయింది. ఆమె పైకి వచ్చి, అతడు కిందికి దిగి, ఇద్దరూ ఒక మెట్టు మీదికి చేరాకగాని రచయిత్రి వాళ్ళకు పెళ్ళి చెయ్యలేదు. ప్రేమకు అంతస్తును జయించే శక్తి లేదని షార్లట్ బ్రాంటీకి తెలుసు. ఆ తెలివిడి ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతదూరం నడిచింది, ఎక్కడ ఆగిపోయింది అన్నవే నేనిక్కడ పరిశీలించదలచుకున్నాను.

అభ్యుదయ విమర్శకుడికి ఈ పని తగునా అని సందేహపడేవారికి ఒక్క మాట. 1854 ఆగస్టులో 'న్యూయార్క్ డెయిలీ ట్రిబ్యూన్'లో ఇంగ్లీషు మధ్యతరగతి గురించి రాస్తూ మార్క్స్ ఆనాటి నవలాకారుల్ని నలుగుర్ని పేరుపెట్టి మెచ్చుకున్నాడు. సమాజం గురించి రాజకీయవేత్తలకూ నీతిబోధకులకూ చేతకాని నిజాలు వీళ్ళు చెప్పారని అతని భావం. ఆ నలుగురిలో డికెన్స్, థాకరే, మిసెస్ గాస్కెల్‌తో పాటు మిస్ బ్రాంటీ ఉంది. డికెన్స్ పేరు వచ్చినచోట మనవాళ్ళు ఈ వ్యాసాన్ని ఉత్సాహంగా తలచుకుంటారు. మిస్ బ్రాంటీ దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుంటారు.

షార్లట్ 1816లో యార్క్‌షైర్‌లో పుట్టింది. తండ్రి పాట్రిక్ ఐర్లండులో పేద కుటుంబంలో పుట్టి, చదువు ఆసరాతో కేంబ్రిడ్జి దాకా వెళ్ళి, ఇంగ్లండు చర్చిలో పాదిరి అయ్యాడు. హావర్త్‌లో వాళ్ళున్న ఇల్లు చర్చిది. తండ్రి కన్నుమూస్తే ఇల్లు ఖాళీ చెయ్యవలసిందే. కూతుళ్ళకు చదువుంది, ఆస్తి లేదు. ఇటువంటి ఆడపిల్ల ఆనాటి ఇంగ్లండులో పరువు పోకుండా బతకటానికి ఉన్న దారులు రెండే: మొగుడు, లేదా ఎవరింట్లోనో ఉండి పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం. ఆ రెండోదాన్నే గవర్నెస్ అన్నారు. నౌకర్లతో కలిసి భోంచెయ్యటానికి ఆమె వాళ్ళ తరగతి మనిషి కాదు. యజమానితో కలిసి కూచోటానికి ఆయన జీతం తినే మనిషి. 1851 జనాభా లెక్కల్లో ఇటువంటివాళ్ళు పాతికవేల మంది దాకా తేలారు.

1824లో బ్రాంటీ పిల్లలు నలుగురిని కొవాన్ బ్రిడ్జిలో పేద పాదిరుల కూతుళ్ళకోసం పెట్టిన బడికి పంపారు. మరుసటి ఏడు, 1825లో, పెద్దక్కలు మరియా, ఎలిజబెత్ ఇద్దరూ క్షయతో నెల తేడాలో పోయారు. నవలలో లోవుడ్ బడి అదే. హెలెన్ బర్న్స్ మరియానే. బాల్యం మీద ఇంతకంటె ఇక్కడ చెప్పబోవటం లేదు. జీవితచరిత్రకారులు ఈ విషాదం మీద పేజీలకు పేజీలు కన్నీరు కార్చారు. నాకు ఇంకొక వివరం ముఖ్యమనిపిస్తుంది. 1841లో షార్లట్ రాడన్‌లో వైట్ అనే వ్యాపారి ఇంట్లో గవర్నెస్‌గా కుదిరింది. జీతం ఏడాదికి 20 పౌండ్లు. అందులో బట్టలుతికించినందుకు కోత పోగా చేతికొచ్చేది 16. ఈ సంగతి ఆమె స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో లెక్కగట్టి మరీ చెప్పింది. ఆరేళ్ళ తర్వాత, 1847 అక్టోబరులో, 'కరర్ బెల్' అన్న మారుపేరుతో స్మిత్ ఎల్డర్ కంపెనీ 'జేన్ ఐర్'ను అచ్చువేసింది. దాని మీద ఆమెకు మొత్తం 500 పౌండ్లు ముట్టాయి. వైట్ గారింట్లో పాతికేళ్ళు పనిచేస్తే, కోత లేకుండా, వచ్చే డబ్బు అది.

ఈ లెక్కల మనిషి నవల రాస్తే ఎలా ఉంటుందో చూడండి. లోవుడ్‌లో ఒక్కొక్క పిల్లకు ఏడాదికి 15 పౌండ్లు కట్టాలి. అది చాలదు కనక మిగిలింది దాతల ధర్మం. అందుకే వాళ్ళు ధర్మపు పిల్లలు. అదే జేన్ ఆ బడిలోనే టీచరైతే ఆమె జీతం కూడా 15 పౌండ్లే. అంటే చదువు చెప్పే మనిషి విలువ, చదువుకునే పిల్ల తిండి ఖర్చుకు కూడా చాలని సొమ్ము. పత్రికలో ప్రకటన వేయించి థార్న్‌ఫీల్డ్‌లో ఉద్యోగం సంపాదిస్తే అక్కడ 30. జేన్ ఆ ఉద్యోగానికి వెళ్ళటానికి కారణం ప్రేమా కాదు, విధీ కాదు, జీతం రెట్టింపు. మేడ మీద గదిలో ఎవరినో కాపలా కాస్తున్న గ్రేస్ పూల్ జీతంలో తన జీతం ఐదో వంతైనా లేదని లేయా అనే పనిపిల్ల అంటుంటే జేన్ చెవిన పడుతుంది. ఆ ఇంటి రహస్యం మొదట జీతాల తేడాగా బయటపడుతుంది! భూతాల మేడ కథల సంప్రదాయంలో ఇంతకుముందు నవ్వులూ, కేకలూ, కొవ్వొత్తులు ఆరిపోవటాలూ ఉన్నాయి. పనివాళ్ళు జీతాలు పోల్చుకుంటుంటే అనుమానం పుట్టటం బ్రాంటీ తెచ్చిన కొత్త పద్ధతి.

మేనమామ భార్య చావుబతుకుల్లో ఉందని జేన్ సెలవు అడిగే ఘట్టం దీనికి పరాకాష్ఠ. ఆమె దగ్గర మొత్తం ఐదు షిల్లింగులున్నాయి. జీతం ఇంకా అందలేదు. రోచెస్టర్ ఆమెకు యాభై పౌండ్ల నోటు ఇవ్వబోతాడు. అతను బాకీ ఉన్నది పదిహేను. చిల్లర లేదని ఆమె తీసుకోదు. చివరికి పది ఇస్తాడు. ఇంకా ఐదు మీరు బాకీ అని ఆమె గుర్తుచేస్తుంది. ఆ పదిలోనూ తొమ్మిది తిరిగి ఇమ్మని అతడు సరదాకు అడిగితే, ఇవ్వదు. ప్రేమ సరసం అంతా ఇందులోనే ఉంది, శ్రమ సంబంధం అంతా ఇందులోనే ఉంది. ఎక్కువ ఇస్తే తీసుకోకపోవటం, తక్కువ ఇస్తే ఒప్పుకోకపోవటం. జేన్ ఆత్మగౌరవం గురించి విమర్శకులు చాలా చెప్పారు. ఆ గౌరవం గాలిలో లేదు. పదిహేను పౌండ్ల బాకీ మీద నిలబడి ఉంది.

జేన్ ఆస్టెన్ నవలల్లోనూ అంకెలుంటాయి కదా అని సాహిత్య విద్యార్థులు అడగవచ్చు. ఉంటాయి. డార్సీకి ఏడాదికి పదివేలు. కాని అవి భూముల మీద వచ్చే రాబడి లెక్కలు, పెళ్ళిచూపుల్లో ఆడవాళ్ళు మగవాళ్ళ గురించి వేసుకునేవి. బ్రాంటీవి కూలి లెక్కలు. ఆస్టెన్ రచన తనకు నచ్చదని షార్లట్ ఉత్తరాల్లో రాసింది. దాన్ని కేవలం అభిరుచి భేదంగా చూడటం నాకు కుదరటం లేదు.

మన వారపత్రికల సీరియళ్ళ సంగతీ ఇక్కడే ఒక మాట చెప్పాలి. 1960ల నుంచి తెలుగు పాఠకురాళ్ళను ఊపేసిన నవలల్లో ముక్కోపి ధనవంతుడు, అభిమానం గల పేదపిల్ల మళ్ళీ మళ్ళీ కనిపిస్తారు. యద్దనపూడి 'సెక్రటరీ'లో జయంతి కూడా జీతానికి కుదిరిన పిల్లే. అవి చదివినందుకు ఆడపిల్లల్ని ఎగతాళి చెయ్యటం నాకు ఇష్టం లేదు. ఉద్యోగానికి బయలుదేరిన తొలి తరం ఆడపిల్ల భయాలూ కోరికలూ వాటిలో ఉన్నాయి. కాని ఆ బాపతు నవలల్లో చాలావాటిలో రోచెస్టర్ కోపం ఉంటుంది, రోచెస్టర్ బాకీ ఉండదు. నాయిక నెల జీతం మొదటి ప్రకరణాల్లో ఒకసారి వినిపించి తర్వాత మాయమవుతుంది. కారూ బంగళా మాత్రం చివరిదాకా ఉంటాయి.

జేన్ థార్న్‌ఫీల్డ్ మేడ కప్పు మీదికెక్కి దూరంగా చూస్తూ ఆలోచించే పేజీ ఇంగ్లీషు సాహిత్యంలో అతి వివాదాస్పదమైన పేజీల్లో ఒకటి. ఆడవాళ్ళకూ మగవాళ్ళలాగే పని కావాలనీ, లోకం కావాలనీ, కోట్లమంది మనుషులు తమ గతి మీద లోలోపల తిరగబడుతూ ఉన్నారనీ అక్కడ ఆమె అనుకుంటుంది. 1848 డిసెంబరులో 'క్వార్టర్లీ రివ్యూ'లో ఎలిజబెత్ రిగ్బీ పేరు లేకుండా రాసిన సమీక్ష ఈ ధోరణినే పట్టుకుంది. ఆ ఏడు ఫిబ్రవరిలో పారిస్‌లో రాజు సింహాసనం పోయింది. ఏప్రిల్ 10న లండన్ కెనింగ్టన్ మైదానంలో చార్టిస్టులు సభ జరిపారు. యూరప్‌లో ప్రభుత్వాలను కూలదోసి, ఇంగ్లండులో చార్టిజాన్ని పెంచిన మనస్తత్వమే ఈ నవలనూ రాసిందని రిగ్బీ తీర్పు చెప్పింది. ఆ ఒక్క వ్యాసంలోనే ఆమె థాకరే 'వానిటీ ఫెయిర్'నూ, 'జేన్ ఐర్'నూ, గవర్నెస్‌ల సహాయ సంఘం 1847 నివేదికనూ కలిపి సమీక్షించింది. అంటే ఇది ప్రేమకథ అన్న భ్రమ ఆమెకు లేనే లేదు. ఇది జీతగత్తె తిరుగుబాటు అని ఆమెకు తెలిసిపోయింది. మిత్రులు అంతస్తుల్ని జయించిన ప్రేమ అని మురిసిపోయినచోట శత్రువు సరిగ్గా చదివింది.

ఇక వర్జీనియా ఉల్ఫ్. 1929లో అచ్చయిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో ఆమె ఈ పేజీనే తీసుకుని, ఇక్కడ రచయిత్రి సొంత కోపం కథలోకి దూరి శిల్పాన్ని చెడగొట్టిందన్నది. ఆలోచన మధ్యలో ఠపీమని గ్రేస్ పూల్ నవ్వు వినిపించటం అతుకులా ఉందన్నది. ఉల్ఫ్ గొప్ప రచయిత్రి. ఆమె మాట కాదనటానికి వెనకాడాలి. అయినా ఈ విషయంలో నేను ఒప్పుకోలేను. ఆడవాళ్ళను ఇంట్లో కట్టిపడేస్తే లోపల ఏం రగులుతుందో జేన్ అనుకుంటున్న క్షణానే, పై అంతస్తులో తాళం వేసి ఉంచిన ఆడదాని నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వు గ్రేస్ పూల్‌ది కాదని మనకు తర్వాతగాని తెలియదు. అతుకు అని ఉల్ఫ్ అనుకున్నది నవలకు ఇరుసు. కోపం లేని కళే కళ అనటం తేలిక, ఆ కోపానికి అవసరం లేని బతుకైతే. ఉల్ఫ్ పుస్తకంలో మాట్లాడే మనిషికి ఏడాదికి 500 పౌండ్ల రాబడి ఉంది. బొంబాయిలో గుర్రం మీది నుంచి పడి చనిపోయిన బంధువురాలు రాసిచ్చినది. ఆ బంధువురాలు బొంబాయిలో ఏం చేస్తున్నదో ఆ పుస్తకం చెప్పదు.

పెళ్ళి నిశ్చయమైన నెల రోజులూ నవలలో కష్టమైన భాగం. చాలామంది దాన్ని తొందరగా తిప్పేస్తారు. రోచెస్టర్ పట్టుబట్టి పట్టుబట్టలు కొంటాడు, నగలు తెప్పిస్తానంటాడు. అతను కొన్నకొద్దీ జేన్‌కు చిరాకూ, అవమానమూ. తన ఉద్యోగం తాను చేసుకుంటూనే ఉంటాననీ, ఆ ముప్పై పౌండ్లతోనే తన బట్టలు తాను కొనుక్కుంటాననీ చెబుతుంది. అతడు అంతఃపురపు దాసీల ప్రస్తావన తెస్తే, ఆ దాసీలకు స్వేచ్ఛ బోధించి తిరుగుబాటు లేవదీస్తానంటుంది. నాతో పాటు నువ్వూ చావాలన్న అర్థం వచ్చే పాట అతను పాడితే, నా సమయం వచ్చినప్పుడు నేను పోతానుగాని సతీసహగమనం చెయ్యనని కొట్టిపారేస్తుంది. 1829లో మన దేశంలో నిషేధమైన ఆచారం యార్క్‌షైర్ పిల్ల నోట ఎగతాళిగా వచ్చిందని మనవాళ్ళు నొచ్చుకోనక్కర్లేదు. ఆమె వాతపెట్టింది తన కాబోయే భర్తకు.

అప్పుడే జేన్ ఒక పని చేస్తుంది. తనకంటూ కొద్దిపాటి ఆస్తి ఉంటే ఈ మనిషి ముందు తల ఎత్తుకుని ఉండవచ్చునని, మదీరా దీవిలో ఉన్న పినతండ్రికి ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం అందిన సమయానికి పినతండ్రి దగ్గర రిచర్డ్ మేసన్ అనే జమైకా వ్యాపారి ఉన్నాడు. రోచెస్టర్ పేరు వినగానే అతడు ఉలిక్కిపడ్డాడు. అతని చెల్లెలు రోచెస్టర్ భార్య. పెళ్ళి ఆగిపోయింది. కథ నడిపించటానికి రచయిత్రి కాకతాళీయాన్ని వాడుకుందని పాఠ్యపుస్తకాలు తప్పుపడతాయి. నిజమే, కాకతాళీయమే. కాని దాన్ని కదిలించినదేమిటో చూడాలి: ఆర్థిక స్వాతంత్ర్యం కోసం ఒక ఆడపిల్ల రాసిన ఉత్తరం. ఆ ఉత్తరం రాయకపోతే ఆమె పట్టుబట్టలు కట్టుకుని, భార్యనన్న భ్రమలో, ఉంపుడుగత్తె అయ్యేది.

రోచెస్టర్ మొదటి పెళ్ళి కథకు వద్దాం. అతని తండ్రి ఆస్తి ముక్కలు చెయ్యటం ఇష్టంలేక మొత్తం పెద్దకొడుకుకు ఇచ్చాడు. చిన్నకొడుకు పేదవాడుగా ఉండటమూ పరువుతక్కువే. కనక జమైకాలో మేసన్ కూతురు బెర్తాను ముప్పైవేల పౌండ్ల కట్నంతో కుదిర్చాడు. కట్నం సంగతి కొడుకుకు చెప్పలేదు. పిల్ల అందగత్తె అని మాత్రం చెప్పి ఓడ ఎక్కించాడు. 'కన్యాశుల్కం' చదివినవాళ్ళకు వరశుల్కం విడమరచి చెప్పనక్కర్లేదు. భూస్వామ్య కుటుంబం తన భూమిని కాపాడుకోటానికి వలస దేశపు వ్యాపారి సొమ్ముతో వియ్యమందింది. బ్రాంటీ ఈ బేరాన్ని ఏ మొహమాటమూ లేకుండా రాసింది. కాని ఆ ముప్పైవేలు జమైకాలో ఎలా పోగయ్యాయి?

ఇక్కడ నవల నోరు మెదపదు. లెక్క మనమే కట్టుకోవాలి. చివరి అధ్యాయంలో జేన్ తనకు పెళ్ళై పదేళ్ళైందంటుంది. పుస్తకం అచ్చైనది 1847. అంటే ఆమె పెళ్ళి 1837 తర్వాతది కాదు. ఆగిపోయిన పెళ్ళినాటికి బెర్తా పెళ్ళై పదిహేనేళ్ళు. ఎలా చూసినా అది 1820ల తొలినాళ్ళు, లేదా అంతకు ముందే. బ్రిటిషు వలసల్లో బానిసత్వం రద్దు చేసిన చట్టం వచ్చింది 1833లో. అందులోనూ రెండుకోట్ల పౌండ్ల పరిహారం యజమానులకు కేటాయించారు, బానిసలకు దమ్మిడీ ఇవ్వలేదు. ఆనాటి జమైకాలో అంత సంపద కూడబెట్టిన ఇంటికి చెరుకుతోటల నీడ తగలకుండా ఉండదు. ఈ నవలలో బానిస అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో! చిన్ననాటి జేన్ తనను కొట్టిన జాన్ రీడ్‌ను బానిసల్ని తోలేవాడితో పోలుస్తుంది, తనను తిరగబడ్డ బానిసతో పోల్చుకుంటుంది. ఉంపుడుగత్తెను పెట్టుకోవటం బానిసను కొనుక్కోవటానికి తోబుట్టువని రోచెస్టర్ కూడా నీతి చెబుతాడు. జమైకా కట్నం తిన్న మనిషి! ఇంగ్లండులో ప్రతి బాధకూ బానిసత్వం ఉపమానం. అసలు బానిసలున్న చోటుకు వచ్చేసరికి ఉపమానమూ లేదు, ప్రస్తావనా లేదు.

బెర్తాను చిత్రించిన తీరు కూడా ఈ మౌనంలో భాగమే. ఆమె నాలుగుకాళ్ళ మీద పాకుతుంది, మృగంలా గుర్రుమంటుంది. ఒక్క మాట మాట్లాడదు. జేన్‌కు పదిహేను పౌండ్ల బాకీ దగ్గర కూడా నోరిచ్చిన రచయిత్రి, ముప్పైవేలు తెచ్చిన ఆడదానికి నవ్వూ కేకా తప్ప ఏమీ ఇవ్వలేదు. 1979లో గిల్బర్ట్, గూబర్ అనే అమెరికన్ విమర్శకురాళ్ళు బెర్తాను జేన్ అణచుకున్న కోపానికి ప్రతిరూపంగా వ్యాఖ్యానించారు. చక్కని వ్యాఖ్యానమే, ఇంటి కప్పు పేజీ దానికి సాక్ష్యం. కాని ఒక మనిషిని ఇంకొక మనిషి కోపానికి ప్రతీకగా మార్చటంలో ఆ మొదటి మనిషి మళ్ళీ కనుమరుగవుతుంది. కరీబియన్ దీవి డొమినికాలో పుట్టిన జీన్ రీస్ 1966లో 'వైడ్ సర్గాసో సీ' రాసి బెర్తాకు బాల్యమూ, ఊరూ, మాటా ఇచ్చింది. గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1985 వ్యాసంలో ఇంగ్లీషు స్త్రీ వ్యక్తిగా ఎదగటానికి వలస దేశపు స్త్రీ సమిధ కావలసి వచ్చిందని చూపించింది. ఆ విమర్శ నాకు సమ్మతమే. అయితే దాన్ని పట్టుకుని ఈ నవలను అవతల పారెయ్యమనేవారితో మాత్రం ఏకీభవించను. రీస్ కూడా పారెయ్యలేదు. మిగిల్చిన ఖాళీని చూసి తన నవల రాసింది. లెక్కలు రాయని నవలలో ఖాళీ కనపడదు. అన్ని జీతాలూ రాసిన పుస్తకంలోనే రాయని పద్దు ఏదో పట్టుకోగలం.

థార్న్‌ఫీల్డ్ నుంచి పారిపోయిన జేన్ మూడు రోజుల తిరుగుడు నా ఉద్దేశంలో ఈ నవల శిఖరం. ఉన్న ఇరవై షిల్లింగులూ బండివాడికిచ్చింది. మూట బండిలో మరిచిపోయింది. పల్లెలో పని ఉందా అని అడిగింది, లేదన్నారు. మెడకు చుట్టుకున్న రుమాలుకు రొట్టె ఇస్తారా అని దుకాణదారుని అడిగింది. ఇలాంటివి ఎక్కడ కొట్టుకొచ్చావో అన్నట్టు చూసింది దుకాణదారు. తప్పు ఆమెది కాదని జేన్ తనకు తానే సర్దిచెప్పుకోవటం చూడండి: తాను కడుపు నిండి ఉన్న రోజున ఇలాంటి మనిషి వస్తే తానూ అలాగే అనుమానించేదేమో. చివరికి పందుల తొట్టిలో పొయ్యబోతున్న గడ్డకట్టిన గంజిని ఒక చిన్నపిల్లను అడిగి తింది. నిన్నటిదాకా రోచెస్టర్ భార్య కాబోయిన మనిషి! చదువుకున్న మర్యాదస్తురాలికీ ముష్టిమనిషికీ మధ్య దూరం మూడు రోజుల తిండి అని ఇంత సూటిగా చెప్పిన మధ్యతరగతి రచన ఆనాటి ఇంగ్లీషులో అరుదు. ఇక్కడ రచయిత్రి ప్రేమ గురించి ఒక్క మాట రాయనక్కర్లేకపోయింది.

తర్వాత మార్టన్ పల్లెబడిలో మళ్ళీ ముప్పై పౌండ్ల జీతం, రెండు గదుల ఇల్లు. ఆ ఇంటికి సామాను సమకూర్చింది సూదుల కర్మాగారం యజమాని కూతురు. జేన్ మొదట ఆ రైతు పిల్లల్ని చూసి ఒక మెట్టు దిగానని బాధపడుతుంది, బాధపడినందుకు సిగ్గుపడుతుంది. ఈ రెండూ దాచకపోవటం రచయిత్రి నిజాయితీ. కాని నవల అక్కడ నిలవలేకపోయింది. జీతం మీద బతికే ఒంటరి స్త్రీగా జేన్‌ను ఉంచి కథ ముగించే దారి షార్లట్‌కు తోచలేదు. పినతండ్రి చనిపోయి ఇరవైవేల పౌండ్లు వచ్చి ఒళ్ళో పడ్డాయి. ఆయన మేసన్ కంపెనీకి ఫుంచాల్‌లో వ్యాపార ప్రతినిధి. ఈ సొమ్ము దారీ జమైకా వైపుకే పోతుంది. దాన్ని జేన్ నలుగురు మేనత్త మేనమామ బిడ్డల లెక్కన తనతో కలిపి సమానంగా పంచింది, తలా ఐదువేలు. పెద్దకొడుక్కే అంతా కట్టబెట్టే రోచెస్టర్ల పద్ధతికి ఇది ఎదురుపద్ధతి, సందేహం లేదు. కాని శ్రమ లెక్కలతో మొదలైన నవల వారసత్వపు లెక్కతో ముగిసింది. చార్టిజం చూసి రిగ్బీ అంత భయపడనక్కర్లేదు.

బాల్జాక్ గురించి ఎంగెల్స్ 1888లో రాసిన ఉత్తరాన్ని ఇక్కడ ప్రయోగించటం మనకు అలవాటు: రచయిత అభిప్రాయాల్ని మించి వాస్తవికత గెలిచిందని. షార్లట్ విషయంలో అది సగమే పొసగుతుంది. ఆమె రాజకీయంగా టోరీ, వెల్లింగ్టన్ ప్రభువు ఆరాధకురాలు. చుట్టూ ఊలు మిల్లులున్న హావర్త్‌లో జీవితమంతా గడిపింది. ఆ ఊళ్ళో సగటు మరణ వయసు పాతికేళ్ళు చిల్లర అని 1850లో బాబేజ్ అనే అధికారి నివేదిక తేల్చింది. 1849 నాటి 'షర్లీ'లో మిల్లు కూలీల యంత్రధ్వంస పోరాటాన్ని వస్తువుగా తీసుకుంటే, ఆమె సానుభూతి యజమాని వైపుకే మొగ్గింది. కూలీల నాయకుల్ని తాగుబోతులుగా, కపటులుగా చిత్రించింది. తన జీతం మీద ఉన్న చూపు పక్కవీధి కూలీ జీతం మీదికి పోలేదు. తాను అనుభవించిన ఆధీనతను ఆమె ఎవరూ రాయనంత నిష్కర్షగా రాసింది, అనుభవించనిదాన్ని పై నుంచి చూసింది.

సెంట్ జాన్ రివర్స్ పాత్ర మన పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తికరం. 1813 చార్టర్ చట్టం తర్వాత ఇండియా తలుపులు పాదిరులకు తెరుచుకున్నాయి. ఆ బాపతు మనిషి ఇతడు. జేన్ నేర్చుకుంటున్న జర్మన్ మాన్పించి హిందుస్తానీ నేర్పుతాడు. ఇండియాలో తన పనికి సాయం కావాలి కనక భార్యగా రమ్మంటాడు. నౌకరీ ఇస్తున్నట్టే అడుగుతాడు. చెల్లెలుగా వస్తాను, భార్యగా రానంటుంది జేన్. రోచెస్టర్ ప్రేమ చూపి కొనబోయాడు, ఇతడు దేవుణ్ణి చూపి కొనబోయాడు. రెండో బేరమే ఎక్కువ ప్రమాదకరమని బ్రాంటీకి తెలుసు. ఆ ఘట్టాల్లో జేన్ దాదాపు లొంగిపోతుంది. ఇంత చూసిన రచయిత్రి నవల చివరి మాటలు మాత్రం ఇండియాలో చావుకు సిద్ధమవుతున్న ఆ పాదిరి కీర్తనకు కేటాయించింది. అతడు ఉద్ధరిస్తున్న మనుషులెవరో, వాళ్ళేమనుకున్నారో ఆ వాక్యాల్లో లేదు. బెర్తా లాగే వాళ్ళకూ నోరు లేదు.

జేన్, రోచెస్టర్ ఫెర్న్‌డీన్‌లో సమానులుగా కలిశారని ముందు చెప్పాను. సమానత్వం ఆ గుమ్మం దాకానే. ఆనాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్ళైన మరుక్షణం స్త్రీ డబ్బు భర్తది అవుతుంది. 1870 చట్టం ఆమె సంపాదన వరకు ఆమెకు దఖలు పరిచింది. ఆస్తి మీద పూర్తి హక్కు 1882లోగాని రాలేదు. ముందుగా ట్రస్టు దస్తావేజు రాయించుకుంటే తప్ప జేన్ ఐదువేలు కూడా రోచెస్టర్ చేతికే పోతాయి. బెర్తా ముప్పైవేలు ఏ చట్టం కింద పోయాయో ఆ చట్టం కిందే. అన్ని లెక్కలూ రాసిన జేన్ ఈ దస్తావేజు సంగతి ఎక్కడా ఎత్తదు.

షార్లట్ 1854 జూన్‌లో తండ్రి దగ్గర సహాయ పాదిరిగా ఉన్న ఆర్థర్ బెల్ నికల్స్‌ను పెళ్ళాడింది. అంతకు నెల ముందు తన పుస్తకాల సంపాదన భర్త చేతికి పోకుండా ట్రస్టు దస్తావేజు రాయించింది. తనకు పిల్లలు లేకుండా పోతే ఆ సొమ్ము తండ్రికి చేరాలని ఏర్పాటు. మరుసటి ఫిబ్రవరిలో, జబ్బుతో మంచంలో ఉండి, ఆ ఏర్పాటును మార్చి అంతా భర్తకే చెందాలని వీలునామా రాసింది. 1855 మార్చి 31న చనిపోయింది. అప్పటికి ఆమెకు 38 ఏళ్ళు. కాపురం చేసింది తొమ్మిది నెలలు.